మెట్ట భూములలో చెట్లు: సర్కారు ధనసహాయము
(ఒంగోలు ప్రాంతపు పట్టాదారు రైతులకు ఉద్దేశింపబడిన ఉపన్యాసము)



చెట్లు నాటుటకు సర్కారువారు ధనసహాయము చేయుదురను వార్త గ్రామమునకు రాగానే రైతులు ముందుగా అడుగు ప్రశ్న యొక్కటే: "ఎకరమునకు ఎంత యిత్తురు?" ఈ ప్రశ్న తప్పు కాదు. కాని దీనికి ముందుగా అడుగవలసిన ప్రశ్నలు మూడు కలవు. ఏ భూమిలో నాటవలెను? ఏ చెట్టు నాటవలెను? నాటిన మొక్క మొదటి వేసవిని దాటు మార్గ మేది? ఈ మూడింటికి సమాధానము తెలిసికొనక, సహాయధనమునే చూచి నాటిన రైతునకు ఆ ధనము పూర్తిగా చేతికి రాదు; వచ్చినను నష్టము తీరదు. ఏలయన, సర్కారు సహాయములో మొదటి కిస్తు మాత్రమే నాటిన మొక్కకు ఇయ్యబడును. తక్కిన కిస్తులు బ్రతికిన చెట్టునకు ఇయ్యబడును. ఈ యుపన్యాసమునకు సారాంశ మిదియే.

సాగుకు చాలని భూమి యేది?

ఒంగోలు చుట్టుపట్ల భూములు ఒక్క తీరువి కావు. నల్లరేగడిలో పత్తి, మిరప, శనగ, పొగాకు పండును. కొత్తపట్నము, సింగరాయకొండ వైపు సముద్రతీరమున ఇసుక నేలలు కలవు. పొదిలి, కనిగిరి, మార్కాపురము వైపు పోవుకొలది ఎఱ్ఱనేలలు, గులకనేలలు, రాతి పొరపై జానెడు మన్ను గల మిట్టలు కానవచ్చును. ప్రకాశము జిల్లాలో సంవత్సరమునకు సగటున సుమారు 870 మిల్లీమీటర్లు, అనగా సుమారు 34 అంగుళముల వాన కురియును. ఆ వానయైనను సమముగా పడదు. నైరుతి ఋతువు తరచుగా మొగము చాటువేయును. తీరప్రాంతమునకు అక్టోబరు, నవంబరు నెలలలో వాయుగుండములు, తుఫానుల వెంట వచ్చు వానయే ముఖ్యాధారము. డిసెంబరు మొదలు జూను వఱకు నేల ఎండియే యుండును.

తన పొలములలో సాగుకు చాలని భూమి యేదో తెలిసికొనుటకు రైతునకు గొప్ప పరీక్ష లక్కఱలేదు. గడచిన పదియేండ్ల జమాఖర్చు ఒక కాగితముపై వేసికొనవలెను. విత్తనము, ఎరువు, దున్నకము, కూలి పోగా ఏ యే సంవత్సరములందు మిగులు వచ్చెనో గుర్తింపవలెను. పదింట ఆఱేడు సంవత్సరములు పెట్టుబడియే తిరిగి రాని చెక్క యున్నచో అది చెట్లకు తగిన భూమి. పదింట ఆఱేడు సంవత్సరములు మిగులు చూపిన రేగడి యున్నచో దానిని పైరునకే యుంచవలెను. సహాయధనము వచ్చుచున్నదని మంచి రేగడిలో చెట్లు నాటి, గులక మిట్టపై మిరప వేసి అప్పులపాలైన రైతును ఏ సర్కారును ఉద్ధరింపజాలదు.

పొలమంతయు మంచిదే యైన రైతు కూడ నిరాశ పడనక్కఱలేదు. గట్లు, బావి దరి, కళ్లము ప్రక్క, బండ్లబాట వెంబడి స్థలము ప్రతి పట్టాలోను కొంత కలదు. అచ్చట నాటిన చెట్టు పైరు భూమిని ఆక్రమింపదు.

సర్కారు తుమ్మ చెప్పు పాఠము

సర్కారువారు చెట్లను గూర్చి తలపెట్టుట క్రొత్త కాదు. ఈ ప్రాంతపు చెఱువుగట్లమీదను, బీళ్లలోను, వాగుల యొడ్డులందును పెరుగు సర్కారు తుమ్మ పేరులోనే ఆ చరిత్ర యున్నది. 1876లో చెన్నపట్టణపు రాజధానియందు ఉత్తర మండలపు అటవీ సంరక్షకుడుగా నుండిన కర్నల్ బెడ్డోము, అమెరికా ఖండపు ఈ ముండ్లచెట్టు విత్తనములను తెప్పింపవలసినదిగా రెవిన్యూ శాఖకు వ్రాసెను. మఱుసటి సంవత్సరము కడప మండలములోని కమలాపురమున అది నాటబడెను. ఎండు నేలలను పచ్చబఱచుటయు, వంటచెఱకు సమకూర్చుటయు దీని ప్రయోజనములని తలపబడెను.

ఆ ప్రయోజనములు నెఱవేఱకపోలేదు. బీదసాదల పొయ్యిలోనికి కట్టెయు, బొగ్గు బట్టీలకు దుంగయు దీనివలననే దొరకుచున్నవి. కాని పశువులు కాయలను తిని గింజలను ఎల్లెడల వెదజల్లగా అది బీళ్ల నాక్రమించెను. చెఱువుల కడుపులలో పెరిగెను. పడావుపడిన పట్టా భూములలో చొచ్చెను. నేడు అట్టి భూమిని మరల సాగునకు తెచ్చుటకు వేళ్లతో పెల్లగింపవలెనన్న ఖర్చు రైతుదే.

దీనివలన తెలియున దేమనగా, సర్కారు ఇచ్చిన మొక్క యగుట చేతనే అది ప్రతి రైతు పొలమునకును తగినది కానేరదు. పథకము వ్రాయువారు జిల్లాల లెక్క చూతురు. రైతు తన చెక్క లెక్క తానే చూచుకొనవలెను. మొక్కల పట్టికలో పది పేరులుండగా తన నేలకు తగిన రెండు మూడింటిని ఎంచుకొను హక్కును రైతు వదలుకొనరాదు.

ఋణము వేఱు, సహాయము వేఱు

పూర్వము రైతునకు సర్కారు చేసిన సాయము ముఖ్యముగా తక్కావీ ఋణము. 1883 నాటి భూమి అభివృద్ధి ఋణముల చట్టమును, 1884 నాటి వ్యవసాయదారుల ఋణముల చట్టమును దానికి ఆధారములు. ఆ సొమ్మును వడ్డీతో తిరిగి చెల్లింపవలెను. చెల్లింపనిచో శిస్తు బకాయివలెనే వసూలు చేయబడుచుండెను. చెట్లు నాటుటకు ఇచ్చునది తిరిగి చెల్లింపనక్కఱలేని సహాయము. ఈ భేదము చేత రైతులు దానిని తేలికగా తలచుట కలదు. తక్కావీకి వేలిముద్ర వేయుటకు పదిమార్లు ఆలోచించినవాడు సహాయపు దరఖాస్తునకు ఒక్కమారైనను ఆలోచింపడు. కాని కట్టెకొఱకు నాటిన చెట్టు నాలుగైదు సంవత్సరములును, పండ్లచెట్టు ఇరువది ముప్పది సంవత్సరములును భూమిని పట్టియుండును. అంతకాలము ఆ భూమి వేఱు పైరుకు అక్కఱకు రాదు. కావున ఈ దరఖాస్తు పైనను పదిమార్లు ఆలోచించుట మంచిది.

సహాయ పథకములు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క రీతిని వచ్చినవి. 1950లో కేంద్ర వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ వన మహోత్సవమును ప్రారంభించెను. 1976లో జాతీయ వ్యవసాయ కమీషనువారు అడవుల వెలుపల, గ్రామ భూములలోను రైతుల పొలములలోను చెట్లు పెంచవలెనని సిఫారసు చేయగా సామాజిక అడవుల పథకములు బయలుదేరెను. 1988 నాటి జాతీయ అటవీ విధానము, కాగితపు మిల్లులు మొదలగు పరిశ్రమలు తమకు కావలసిన కట్టెను అడవులనుండి గాక రైతులవద్దనుండి సంపాదింపవలెనని నిర్దేశించెను. 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానము వెలువడెను. దాని ననుసరించి 2016-17లో "ప్రతి గట్టుపై చెట్టు" అను నినాదముతో వ్యవసాయ అటవీ ఉపమిషను ప్రారంభింపబడెను. 2022-23 నుండి అది విడిగా నుండక రాష్ట్రీయ కృషి వికాస యోజనలో చేర్చబడెను.

కిస్తుల లెక్క

ఈ పథకముల నిబంధనలు చదివినచో ఒక్క సంగతి స్పష్టమగును. ఏ పథకమందును సొమ్ము ఒక్కసారిగా ఇయ్యబడలేదు.

వ్యవసాయ అటవీ ఉపమిషనులో ఖర్చునందు సగము మాత్రమే సర్కారు వంతుగా నుండెను. ఆ సగమును నాలుగు సంవత్సరములలో నూటికి 40, 20, 20, 20 చొప్పున ఇయ్యవలెనని నియమముండెను. అనగా తోటకు మొత్తము ఖర్చు 100 రూపాయలైనచో సర్కారు వంతు 50. అందులో మొదటి యేట రైతు చేతికి వచ్చుచుండినది 20 రూపాయలు. గుంటలు త్రవ్వుట, మొక్కలు కొనుట, కంచె వేయుట, ఈ పెద్ద ఖర్చులన్నియు మొదటి యేటనే వచ్చును. తక్కిన సొమ్ము రైతు సమకూర్చుకొనవలెను. ఆ సొమ్మునకై ఊరిలో వడ్డీకి తెచ్చినచో సర్కారు సహాయము వడ్డీ వ్యాపారి సహాయముగా మాఱును.

పండ్లతోటలకు సంబంధించిన సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషను యొక్క 2014 నాటి నిబంధనలలో సహాయము మూడు కిస్తులుగా, నూటికి 60, 20, 20 చొప్పున ఏర్పఱుపబడెను. రెండవ కిస్తునకు రెండవ యేట నూటికి 75 మొక్కలు బ్రతికి యుండవలెను. మూడవ కిస్తునకు మూడవ యేట నూటికి 90 మొక్కలు బ్రతికి యుండవలెను. చచ్చిన మొక్కల స్థానమున మరల నాటనిచో ఈ లెక్క కుదురదు. సహాయము మొత్తము 10,000 రూపాయలని యనుకొన్నచో మొదటి 6,000 రూపాయలు వచ్చిన పిమ్మట నూటికి 60 మొక్కలే మిగిలిన రైతునకు తక్కిన 4,000 రూపాయలు నిలిచిపోవును. అతని పొలము అప్పటికి ఖాళీల నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా చెట్లుగలదై, తోటయు గాక, దున్నుటకు వీలగు చేనును గాక యుండును. పోయిన 4,000 రూపాయల కంటె ఇది పెద్ద నష్టము.

2005లో చేయబడిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద చిన్న, సన్నకారు రైతుల పొలములలో పండ్లచెట్లు నాటుటకు అవకాశము కలిగెను. జాబుకార్డు గల కుటుంబము తన పొలములో తానే పని చేసి కూలి పొందుట అందలి విశేషము. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టము స్థానమున వేఱొక చట్టమును ఆమోదించినది. కావున పొరుగు రైతు అయిదేండ్ల క్రిందట పొందిన రీతినే తనకును వచ్చునని ఎవరును భావింపరాదు. ఆ యా సంవత్సరపు ఉత్తరువును రైతు సేవా కేంద్రమున గాని, మండల వ్యవసాయాధికారి వద్ద గాని, ఉద్యాన శాఖవారి వద్ద గాని చదివించుకొని, మొత్తమెంత, కిస్తులెన్ని, ఎన్ని మొక్కలు బ్రతికి యుండవలెను అను మూడు సంగతులను వ్రాసికొని పిమ్మటనే గుంట త్రవ్వవలెను.

పత్తి పోయి సుబాబుల్ వచ్చిన వృత్తాంతము

ఏ చెట్టు నాటవలెనను ప్రశ్నకు ఒంగోలు ప్రాంతపు అనుభవమే సమాధానము చెప్పగలదు. 1980 తరువాత గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిపై తెల్లదోమయు, పిమ్మట కాయతొలుచు పురుగును విజృంభించెను. రైతులు మందుపై మందు చల్లిరి, పురుగు చావలేదు, అప్పు పెరిగెను. 1987-88లో ఈ రెండు జిల్లాలలో అనేకులు పత్తిరైతులు ప్రాణములు తీసికొనిరి. అట్టి స్థితిలో మందు చల్లనక్కఱలేనిదియు, కూలీలతో పని లేనిదియు, వాన తప్పినను పూర్తిగా చావనిదియు నగు చెట్టు రైతునకు దైవప్రసాదమువలె తోచుట సహజము. అట్లు సుబాబుల్, జామాయిల్ తోటలు ఈ జిల్లాలో వేల ఎకరములలో వ్యాపించెను.

సుబాబుల్ మెక్సికో ప్రాంతపు చెట్టు. దాని వేళ్లబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఆకు పశువులకు మేత. అయినను అందు మైమోసిన్ అను పదార్థ ముండుటచే మేతలో మూడవ వంతునకు మించి పెట్టరాదు, మించినచో పశువుల వెండ్రుకలు రాలును. మూడు నాలుగేండ్లకు నఱికినచో మొద్దు మరల చిగిర్చును. 1988లో సిల్లిడ్ అను చిన్న పురుగు ఈ దేశమునకు వచ్చి దాని చిగుళ్లను పీల్చినను చెట్టు తట్టుకొని నిలిచెను.

చెట్టు నిలిచినది గాని ధర నిలువలేదు. ఊరూర అందఱును ఒక్క చెట్టునే నాటుటచే కట్టె అంతయు ఒక్కసారిగా కోతకు వచ్చెను. కొనువారు కొలదిమంది కాగితపు మిల్లులవారు. మిల్లులు దూరమున గోదావరి తీరమందున్నవి. 2010 తరువాతి దశకములో రాష్ట్ర సర్కారువారు సుబాబుల్ టన్నునకు 4,200 రూపాయలు, జామాయిల్ టన్నునకు 4,400 రూపాయలు ధర నిర్ణయించిరి. అయినను నఱకు కూలి, లారీ బాడుగ, దళారి వంతు పోగా ఆ ధర చేతికందని రైతులు చాలమంది యుండిరి. కొన్ని సంవత్సరములలో పలికిన ధరయే దానికి మిక్కిలి తక్కువ. విసిగి, మరల పైరు వేయుదమన్న రైతునకు మొద్దులను యంత్రముతో పెల్లగించు ఖర్చు ఎదురు వచ్చెను.

ఇందులో చెట్టు చేసిన తప్పు లేదు. పత్తిలో ఒక్క పైరునే నమ్ముకొనుటచే వచ్చిన కష్టమే కట్టెలోను వచ్చెను. కావున సహాయధనముతో నాటు తోటలో ఒక్క జాతినే నాటరాదు. అమ్ముటకు సగము, ఇంటికి, పశువులకు, పొలమునకు ఉపయోగపడునవి సగము అని యెంచుకొన్నచో ఏ యేడు ఏ ధర పడిపోయినను రైతు పూర్తిగా పడిపోడు.

నేలను బట్టి చెట్టు

తీరమందలి ఇసుక నేలలకు సరుగుడు, జీడిమామిడి తగియుండును. సరుగుడు కూడ వేళ్లద్వారా నత్రజనిని చేర్చు చెట్టు. గాలిని ఆపి వెనుక నున్న పైరును కాపాడును. ఎఱ్ఱ గులకనేలలకు వేప, కానుగ, ఉసిరి, సీతాఫలము, నేరేడు, చింత, రేగు మేలైనవి. కానుగ ఆకు పూర్వమునుండి పొలములకు పచ్చిరొట్టగా వేయబడుచున్నది. వేపగింజల కషాయము మిరప, పత్తి చేలలో పురుగులకు పనికివచ్చును. నల్లరేగడి గట్లపై నల్లతుమ్మ, వేప పెరుగును. గట్టుపై చెట్ల నీడ మిరపకు తగులకుండ కొమ్మలను ఏటేట కత్తిరించుచుండవలెను.

జామాయిల్‌ను పొరుగువాని మిరపచేని సరిహద్దున గాని, బావి దరి గాని నాటరాదు. దాని వేళ్లు దూరము పోయి తేమను లాగును. సరిహద్దు తగవులలో పెక్కు ఈ చెట్టువలననే పుట్టినవి. తప్పనిసరిగా నాటవలసి వచ్చినచో కొంత స్థలము వదలి, నడుమ కందకము త్రవ్వవలెను.

పొగాకు బ్యారన్లు గల రైతులకు వంటచెఱకు చెట్లు ప్రత్యేకముగా ఉపయోగపడును. వర్జీనియా పొగాకు కిలోగ్రాము కాల్చి ఆరబెట్టుటకు సుమారు నాలుగైదు కిలోగ్రాముల కట్టె పట్టును. ఆ కట్టెను కొనుట కంటె సొంత మిట్టపై పెంచుట లాభము. ఇంటి పొయ్యి సంగతి కూడ ఇట్టిదే. 1893లో ప్రకటింపబడిన నివేదికలో డాక్టరు వోల్కరు అను వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు, పొలమునకు పోవలసిన పేడ పిడకలై పొయ్యిపాలగుచున్నదనియు, గ్రామముల చెంత కట్టెకును మేతకును వనములు పెంచవలెననియు చెప్పెను. నేడు చాల యిండ్లకు గ్యాసు వచ్చినను పిడకలు పూర్తిగా పోలేదు. పశువుల యెరువు మునుపటికంటె అరుదైనది. ఆ మాట నేటికిని విలువ గలదే.

ఎఱ్ఱచందనము, శ్రీగంధము మొదలగు వెలగల చెట్ల విషయమున తొందర పనికిరాదు. అవి కోతకు వచ్చుటకు దీర్ఘకాలము పట్టును; కావలి కావలెను; నఱకుటకును తరలించుటకును అనుమతులు కావలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద ఏ జాతులకు అనుమతి అక్కఱయో, వేటికి మినహాయింపు కలదో నాటుటకు ముందే అటవీ శాఖవారి వద్ద విచారింపవలెను. వెదురు విషయమున సౌకర్య మొకటి కలిగినది: 2017లో అటవీ చట్టమును సవరించి, అడవి కాని భూములలోని వెదురును చెట్ల నిర్వచనమునుండి తొలగించిరి.

మొదటి వేసవి

తోట నిలుచుట, పోవుట మొదటి వేసవిలోనే తేలును. మొక్కలను వానకాలమున నాటువారు చాలమంది. ఏప్రిలు నెలలో వానికి నీరు పోయువారు కొలదిమంది.

నీటి లెక్కను ముందే వేసికొనవలెను. మొక్కకు వారమున కొకమారు 10 లీటర్ల చొప్పున 100 మొక్కలకు 1,000 లీటర్లు కావలెను. జనవరి మొదలు జూను వఱకు 26 వారములకు 26,000 లీటర్లగును. 500 మొక్కలైనచో 1,30,000 లీటర్లు, అనగా 5,000 లీటర్ల ట్యాంకరును 26 మార్లు తోలవలెను. ఈ నీరు ఎచ్చటనుండి వచ్చునో చెప్పలేని రైతు 500 మొక్కలకు దరఖాస్తు పెట్టరాదు. 100 మొక్కలు నాటి 95 బ్రతికించుకొన్నవాడు, 500 నాటి 200 దక్కించుకొన్నవానికంటె లాభపడును. వానికి కిస్తులన్నియు వచ్చును.

గుంటలను మే, జూను నెలలలో త్రవ్వి ఎండబెట్టవలెను. కట్టె చెట్లకు అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు చాలును. పండ్లచెట్లకు మూడడుగుల గుంట కావలెను. పైమన్ను, మాగిన పశువుల యెరువు, చెదలు పట్టకుండ కొంత వేపపిండి కలిపి నింపవలెను. నీటి వసతి కలవారు తొలకరి తరువాత మంచి వాన పడగానే నాటినచో మొక్కకు వేసవిలోపల వేళ్లు దిగుటకు వ్యవధి కలుగును. వసతి లేనివారు సెప్టెంబరు, అక్టోబరు వానల వఱకు ఆగుట మేలు. సంచిలో వేళ్లు చుట్టుకొనిపోయిన ముదురు మొక్కలను ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. మిట్ట నేలలో మొక్కకు పల్లపు వైపున అర్ధచంద్రాకారముగా చిన్న కట్ట వేసినచో వాననీరు మొదట నిలుచును. వేసవిలో మొదటిచుట్టు ఎండుగడ్డి, ఆకులు కప్పినచో తేమ త్వరగా ఆరదు.

మేకలు మొక్కలకు ఎండకంటె పెద్ద శత్రువులు. కంచెకు కిత్తనార నాటుట మంచిది. అది ఎదుగువఱకు సర్కారు తుమ్మ కొమ్మలను నఱికి వేయవచ్చును. కాయలున్న కొమ్మలను మాత్రము పొలములోనికి తేరాదు. వేసవిలో గడ్డికి నిప్పు అంటుకొనకుండ తోట చుట్టు రెండు బారల వెడల్పున నేలను దున్ని శుభ్రముగా నుంచవలెను.

నడుమ సంవత్సరములు, కౌలుదారు, పశువులు

మొక్క చెట్టగు వఱకు రాబడి లేని సంవత్సరములు కొన్ని యుండును. చీనా దేశమున 1999లో, వాలుభూముల సాగు మాన్పించి చెట్లు నాటించు గొప్ప పథకము ప్రారంభింపబడినప్పుడు, అచ్చటి సర్కారు మొక్కలతోపాటు రైతు తిండి సంగతియు ఆలోచించెను. యాంగ్‌ట్సీ నదీ ప్రాంతమున హెక్టారునకు ఏటికి 2,250 కిలోగ్రాముల ధాన్యమును, ఎల్లోనదీ ప్రాంతమున 1,500 కిలోగ్రాములను, కొంత రొక్కమును, పండ్లచెట్లు మొదలగు రాబడి చెట్లకు అయిదేండ్లును, అడవి చెట్లకు ఎనిమిదేండ్లును ఇచ్చుటకు నిర్ణయించిరి. ఇచ్చటి సహాయ పథకములు మొక్క ఖర్చులో వంతు భరించును గాని ఆ సంవత్సరముల తిండిని భరింపవు. కావున ఇచ్చటి రైతు తన భూమి అంతటిలో ఒకేసారి చెట్లు నాటరాదు. నాలుగెకరముల మిట్ట యున్నవాడు మొదట ఎకరముతో ఆరంభించుట వివేకము.

మొదటి రెండు మూడేండ్లు వరుసల నడుమ ఉలవ, పెసర, అలసంద, కంది వంటి అపరాలు వేయవచ్చును. ఇచ్చటనే కౌలుదారు ప్రసక్తి వచ్చును. భూమి చెట్లకు పోగానే మొదట జీవనము కోల్పోవువాడు దానిని దున్నుచున్న కౌలుదారు. పట్టాదారు పట్టణమున నుండి, కావలివాడు కూడ లేక తోటను దైవాధీనముగా విడిచినచో మొక్కలు మేకల పాలగును. అట్లు గాక నడుమ పైరును ఆ కౌలుదారునకే విడిచి, మొక్కలకు నీరు పోయుట, కంచె చూచుట అతనికి ఒప్పగించి, బ్రతికిన మొక్కల లెక్కపై ప్రతిఫల మిచ్చినచో ఇద్దఱును బ్రతుకుదురు. ఒప్పందమును కాగితముపై వ్రాసికొనుట ఇరువురకును క్షేమము.

పశువుల సంగతియు మఱువరాదు. ఒంగోలు జాతి పశువులు పెరిగినది ఈ నేల మేతపైననే. ఊరి బీళ్లు ఒక వైపు సర్కారు తుమ్మకు, మఱియొక వైపు తోటలకు పోగా మేత కఱవైనది. తోటలో నాలుగవ వంతైనను మేతకు పనికివచ్చు చెట్లను నాటి, వరుసల నడుమ గడ్డి పెంచి, కోసి ఇంటికడ వేయవలెను. మూడవ యేటి వఱకు పశువులను తోటలోనికి తోలరాదు.

కాగితములు

దరఖాస్తునకు పట్టాదారు పాసుపుస్తకము, 1-బి, అడంగలు నకలు, ఆధారు, బ్యాంకు ఖాతా పుస్తకము సాధారణముగా కావలెను. ఇందలి పేరు, సర్వే నెంబరు, విస్తీర్ణము ఒకదానితో నొకటి సరిపోవలెను. తండ్రి పేరున పట్టా యుండి కొడుకు పేరున ఖాతా యున్నచో కిస్తు నిలిచిపోవును. అన్నదమ్ముల పంపకము కానిచో ముందుగా దానిని సరిచేసికొనవలెను. మంజూరు ఉత్తరువు చేతికి రాకమునుపు నాటిన మొక్కలకు సాధారణముగా సహాయము రాదు. నాటిన దినమునను, ప్రతి తనిఖీ దినమునను బ్రతికిన మొక్కల సంఖ్యను ఒక పుస్తకములో వ్రాసి, తనిఖీకి వచ్చిన ఉద్యోగి సంతకము తీసికొనవలెను. మొక్కలు కొనిన రసీదులు భద్రపఱచవలెను. పథకము ఇప్పించెదనని ముందుగా సొమ్మడుగు మధ్యవర్తిని నమ్మరాదు.

ముగింపు

చెట్టు నాటగోరు రైతు ఈ వేసవిలోనే చేయవలసిన పని యొకటి కలదు. సాయంత్రము తన మిట్టపైకి పోయి, ఏ మూల నేల బలహీనమో, నీరు ఎంత దూరమో, మేకలదారి ఎటు పోవుచున్నదో చూచి, ఎన్ని మొక్కలను తాను వేసవి దాటింపగలడో నిర్ణయించుకొనవలెను. ఆ సంఖ్య ఇరువదియైనను, నూఱైనను దానికే దరఖాస్తు పెట్టవలెను. మూడేండ్ల పిమ్మట తనిఖీదారు వచ్చి లెక్కించునప్పుడు ఆ సంఖ్య తగ్గని రైతునకు కిస్తులన్నియు అందును. అంతకు మించి, పదియేండ్లలో ఆఱేండ్లు నష్టము చూపిన ఆ చెక్క అతని జమాఖర్చు కాగితములో మొదటిసారిగా జమ వైపునకు వచ్చును.